ఈత రాని కర్నూలోళ్లం, అండమాన్‌లో కయాక్ ఎక్కొచ్చా?

హంద్రీగట్టు (కర్నూలు)
డిసెంబర్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా పాప అండమాన్ పోవాలనుకుంటున్నాం. హేవ్‌లాక్ దీవిలో మడ అడవుల మధ్య గైడ్ తోడుండి కయాక్ అనే సన్నటి తెడ్డు పడవలో తిప్పుతారనీ, చీకట్లో తెడ్డు వేస్తే నీళ్లు వెలుగుతాయనీ పాప ఎక్కడో వీడియో చూసింది. అప్పట్నుంచి ఇంట్లో అదే మాట.

మా సంగతి చెప్తాను. ముగ్గురికీ ఈత రాదు. నాకు నీళ్లతో ఉన్న పరిచయమల్లా చిన్నప్పుడు మేనమామ వాళ్లూళ్లో గుండ్రటి పుట్టి పడవ ఎక్కి తుంగభద్ర దాటడమే. మా ఆవిడ సంగతి వేరు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు మేం పాతబస్తీలో ఉన్నాం. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. కింది ఇల్లు మునిగిపోతే రెండు రాత్రులు మిద్దె మీదే గడిపాం. ఆ తర్వాత ఆమె నీళ్లలో దిగింది లేదు. 2016లో కృష్ణా పుష్కరాలకని శ్రీశైలం దాకా పోయి కూడా చెంబుతో నెత్తిన చల్లుకుని వచ్చేసింది. అలాంటిది ఈసారి పాప అడగ్గానే ఆమే "పోదాం" అంది. ఎందుకని నేను అడగలేదు. కానీ ఇది సరిగ్గా జరగాలి, మళ్లీ ఆమెకు భయం పట్టుకోకూడదు.

ఈత రాకుండా ఎక్కొచ్చా? గైడ్ ఉంటే సరిపోతుందా? ఏ రోజులు మంచివి? పోకముందు మన వైపు ఎక్కడైనా అలవాటు చేసుకునే వీలుందా?

వేరుశనగపొలం (అనంతపురం)
డిసెంబర్ 2, రాత్రి 10:15

అన్నా, ఏమనుకోవద్దు, నాకు జరిగింది చెప్తా. ఊరి పేరు, ఆ మనుషుల పేరు వద్దు. మూడేళ్ల కింద ఒక బీచ్‌లో "గైడ్ ఉంటాడు సార్, భయం లేదు" అంటే నమ్మి ఎక్కినాం. పద్నాలుగు మందికి ఒక్కడే గైడ్. నా జాకెట్‌కు కింది క్లిప్పు లేదు, తాడుతో కట్టినారు. అరగంటకు గాలి లేచింది. ముందు పోయినోళ్లు ముందే పోయినారు, నేనూ మా తమ్ముడూ వెనకబడినాం. ఎంత తెడ్డు వేసినా ఒడ్డు దగ్గరికి రావడం లేదు. చివరికి చేపల పడవ వాళ్లు తాడు వేసి లాక్కొచ్చినారు. మా తమ్ముడు ఇప్పటికీ సముద్రం పేరెత్తితే లేచి పోతాడు.

ఈత రాని వదినను తీసుకుపోతున్నావు కాబట్టి చెప్తున్నా. గైడ్ ఉన్నాడా అని అడిగితే అందరూ ఉన్నాడనే అంటారు. ఎంతమందికి ఒకడు, గాలి లేస్తే ఏం చేస్తాడు, అది అడుగు.

విశ్రాంత_నావికుడు (ప్రొద్దుటూరు)
డిసెంబర్ 3, ఉదయం 6:05

నాయనా హంద్రీగట్టూ, నేను నేవీలో పనిచేసి దిగినవాణ్ణి. అందులో మూడేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. టికెట్ల మీద ఆ పేర్లే ఉంటాయి, తికమక పడొద్దు.

పైన వేరుశనగపొలం చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకు ఆ రోజు వీచింది ఒడ్డు మీద నుంచి సముద్రం వైపు పోయే గాలి అయ్యుంటుంది. అది చాలా మోసగత్తె. ఒడ్డున నిలబడి చూస్తే నీళ్లు అద్దంలా ఉంటాయి, అల ఉండదు, ఎవరికైనా దిగాలనిపిస్తుంది. లోపలికి పోయేకొద్దీ బలం తెలుస్తుంది, అప్పటికి నువ్వు చాలా దూరం పోయుంటావు. మామూలు మనిషి కయాక్‌లో గంటకు అయిదు కిలోమీటర్లకు మించి పోలేడు. ఎదురుగాలి గట్టిగా ఉంటే అందులో సగం కూడా రాదు. మంచి గైడ్ పొద్దున పోయేటప్పుడు ఎదురుగాలి, అలసిపోయి వచ్చేటప్పుడు వెనకగాలి తగిలేట్టు దారి వేస్తాడు.

సంక్రాంతి రోజుల్లో అక్కడ గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. హేవ్‌లాక్‌లో విజయనగర్ బీచ్ ఉండే తూర్పు గట్టుకు ఆ గాలి తగులుతుంది. రాధానగర్ బీచ్ ఉండే పడమటి గట్టు ఆ కాలంలో నెమ్మది. మడ అడవుల పాయల్లోకి గాలి దూరదు. మీలాంటి కొత్తవాళ్లకు పాయలే మంచివి, తెరచిన సముద్రం వద్దు.

ఇంకో మాట. ఇంట్లో పంచాంగం ఉంది కదా, ఆటుపోట్ల లెక్క సగం దాంట్లోనే ఉంది. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ లేస్తుంది, ఆటు ఎక్కువ దిగుతుంది. అష్టమి దగ్గర తేడా తక్కువ. అండమాన్‌లో అమావాస్య నాడు ఈ తేడా దాదాపు రెండు మీటర్లు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు, అంటే రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నీళ్లు ఒకే జోరుతో ఎక్కవు. మొదటి గంట మెల్లగా, మూడో గంట, నాలుగో గంట జోరుగా. మొత్తం ఎత్తులో సగం ఆ మధ్య రెండు గంటల్లోనే ఎక్కేస్తుంది. పాయలోకి ఎప్పుడు పోవాలి, ఎప్పుడు బయటపడాలి అనేది గైడ్ ఈ లెక్క మీదే చెప్తాడు. "పది నిమిషాలు ఆలస్యమైతే ఏమవుతుంది" అని ఆయనతో వాదించొద్దు. నీళ్లు దిగిపోతే కయాక్ బురదలో కూర్చుంటుంది, దిగితే మోకాలి లోతు దిగబడతారు.

హంద్రీగట్టు (కర్నూలు)
డిసెంబర్ 3, ఉదయం 7:30

పెద్దాయనా, పాదాభివందనం. పంచాంగం తీశాను. పండగైన నాలుగో రోజే పుష్య అమావాస్య. నీళ్లు వెలిగేది చూడాలంటే అమావాస్యే మంచిదని పాప అంటోంది. కానీ మీరేమో ఆ రోజు ఆటుపోట్లు ఎక్కువంటున్నారు. అయితే వద్దా?

విశ్రాంత_నావికుడు (ప్రొద్దుటూరు)
డిసెంబర్ 3, ఉదయం 8:10

పాప చెప్పింది సరే. వెన్నెల ఉంటే ఆ వెలుగు కంటికి ఆనదు. ఆటుపోట్లు ఎక్కువైతే గైడ్ వేళ చూసి దించుతాడు, అంతే. వద్దనక్కర్లేదు. అమావాస్యకు ఒక రోజు అటూ ఇటూ చేతిలో పెట్టుకోండి. గాలి బాగాలేక ఒక రాత్రి పోతే ఇంకో రాత్రి ఉంటుంది. ఒకే రాత్రి పెట్టుకుని పోయినవాళ్లే "ఇంత దూరం వచ్చాం, ఎట్లైనా తీసుకుపో" అని గైడ్ మెడ మీద కూర్చుంటారు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. మన గడియారమే అక్కడా. కానీ ఆ దీవులు బాగా తూర్పున ఉండటంతో పొద్దు మనకంటే దాదాపు గంట ముందే కుంకుతుంది. ఆరున్నరకల్లా కటిక చీకటి.

నాపరాయి (తాడిపత్రి)
డిసెంబర్ 3, మధ్యాహ్నం 1:20

అన్నా, నేను అండమాన్ పోలేదు, థాయ్‌లాండ్‌లో ఫంగ్‌న్గా అఖాతంలో కయాక్ ఎక్కినా. మాది నాపరాళ్ల పాలిష్ పని. ఆ రాయిని చూసినాక నాకు ఒళ్లు ఝల్లుమనింది, అందుకే రాస్తాండా.

ఆడ సముద్రంలో నిట్టనిలువుగా కొండలు లేచి ఉండాయి. అంతా సున్నపురాయే. మన బెలుం గుహలు చూసినోళ్లకు అర్థమయితాది. బెలుంలో ఏం జరిగింది? నీళ్లు సున్నపురాయిలో దూరి దూరి, కరిగిచ్చి కరిగిచ్చి 3,229 మీటర్ల గుహ చేసినాయి. ఆ గుహ లోపల పాతాళగంగ అనే చోట 46 మీటర్ల లోతుకు పోతాం. ఆడ కూడా కొండ లోపల అట్లనే గుహలైనాయి, కొన్నింటికి పైకప్పు కూలిపోయింది. ఇరవై వేల ఏండ్ల కింద సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందుండేదంట. మంచు కరిగి నీళ్లు లేచి ఆ గుహల్లోకి వచ్చేసినాయి. ఇప్పుడు కొండ నడుమ గది మాదిరి ఉంటాది, నాలుగు పక్కలా గోడ, పైన ఆకాశం, కింద సముద్రం. దాన్ని వాళ్ల భాషలో "హాంగ్" అంటారు. అంటే గది.

ఆ గదిలోకి పోయే దోవ ఒక చిన్న బొక్క. పోటు మీదుంటే ఆ బొక్క మునిగిపోతాది, దిగిపోతే రాళ్లు తేలి పడవ పట్టదు. ఆ నడుమ కొంచెం సేపే దోవ. మా గైడ్ గడియారం చూసుకుంటా బయట ఇరవై నిమిషాలు మమ్మల్ని నిలబెట్టినాడు. అప్పుడు "పడుకోండి" అన్నాడు. కయాక్‌లో వెల్లకిలా పడుకున్నాం. రాయి నా ముక్కుకు జానెడు మీద పోతాండాది. తడి సున్నపురాయి వాసన. మా మిషన్ కాడ రంపం కింద నీళ్లు పడినప్పుడు వచ్చే వాసనే అది, ఇరవై ఏండ్లుగా నాకు తెలిసిన వాసన. యాడో పరాయి దేశంలో, చీకట్లో, అదే వాసన. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయన్నా.

లోపల మడ చెట్లు, ఒక కోతి. గైడ్ తెడ్డు పైకెత్తి ఊరికే ఉండిపొమ్మన్నాడు. ఎవురూ మాట్లాడలేదు. పదైదు నిమిషాలకు "ఇంగ పోవాల, నీళ్లు ఎక్కతాండాయి" అన్నాడు. మా గుంపులో ఒకాయన ఇంకో ఫోటో, ఇంకో ఫోటో అంటాంటే గైడ్ మాట్లాడకుండా ఆయన పడవకు తాడు తగిలిచ్చి లాక్కొచ్చేసినాడు. బయటికొచ్చి చూస్తే మేం వచ్చిన బొక్క పైఅంచు నీళ్లకు మూరెడు కూడా లేదు. నావికుడు పెద్దాయన చెప్పిన మాట నేను కండ్లారా చూసినా.

గండికోట_టీచర్ (జమ్మలమడుగు)
డిసెంబర్ 3, సాయంత్రం 5:50

అన్నా, మీ నాలుగో ప్రశ్న నాది. నేను బడిలో పీఈటీని. గండికోట దగ్గర పెన్నా వెనక నీళ్లలో కయాక్‌లు తిప్పేవాళ్లున్నారు, సెలవు రోజుల్లో నేనూ పిల్లల్ని తీసుకుపోతుంటాను. ఇద్దరు కూర్చునేవి ఉన్నాయి. ఒక ఆదివారం రండి, వదినను నా ముందు కూర్చోబెట్టుకుంటాను.

పుట్టి ఎక్కినానన్నారు కదా, అది మరిచిపోండి. పుట్టి గుండ్రంగా ఉంటుంది, తెడ్డు ఒక పక్క వేస్తే గిర్రున తిరుగుతుంది. కయాక్ పొడుగు, సన్నం, ముక్కు సూటిగా పోతుంది. తెడ్డుకు రెండు వైపులా రెక్కలు. అందరూ చేసే తప్పు చేతులతో లాగడం. పావుగంటకే భుజాలు పట్టేస్తాయి. నడుము తిప్పాలి. తెడ్డు మీ కాలివేళ్ల దగ్గర నీళ్లలో ముంచి, నడుము తిరుగుతుంటే అది వెనక్కి వచ్చి, తుంటి దగ్గరకు రాగానే తీసేయాలి. తుంటి దాటిస్తే పడవ తల పక్కకు తిరుగుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు నడుము ఎలా తిరుగుతుందో చూడండి, అదే. మా పిల్లలకు ఆ మాట చెప్తే వెంటనే పట్టుకుంటారు.

ఇద్దరి కయాక్‌లో ముందువాళ్లు వేగం పెడతారు, వెనకవాళ్లు దారి పడతారు. అందుకే వదిన ముందు, గైడ్ వెనక. మీరూ పాపా ఒకదాంట్లో, మీరు వెనక.

మీకు కావలసింది లోపల కాళ్లు దూర్చి కూర్చునేది కాదు, పైన కూర్చునే రకం. బోల్తా పడినా ఎక్కడా ఇరుక్కోరు, పక్కకు పడిపోతారు, జాకెట్ తేలుస్తుంది. మళ్లీ ఎక్కడం నేర్పిస్తాను, అదొక్కటి వచ్చేస్తే సగం భయం పోతుంది. పడవకు అడ్డంగా పొట్ట మీద పాకి, తిరిగి, కూర్చోవడమే.

కడప_నర్స్ (కడప)
డిసెంబర్ 3, రాత్రి 8:30

హంద్రీగట్టు గారూ, మూడు మాటలు.

జాకెట్ వేసుకున్నాక ఎవరినైనా మీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా లేచిందంటే వదులున్నట్టు, బిగించాలి లేదా చిన్నది అడగాలి. పాప విషయంలో ఇది తప్పకుండా చూడండి. పెద్దల జాకెట్ పిల్లలకు తొడిగి "సరిపోయింది" అనేవాళ్లు చాలామంది. విజిల్ ఉందో లేదో చూడండి.

ఫెర్రీలో వాంతులయ్యే అలవాటుంటే డాక్టర్‌ను అడిగి మాత్ర ముందే వేసుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. అయితే ఆ మాత్రలు చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది. కాబట్టి ఫెర్రీ దిగిన రోజే కయాక్ పెట్టుకోకండి.

మూడోది, మేడమ్ గురించి. పైకి ఎంత ధైర్యంగా ఉన్నా నీళ్ల మధ్యకు పోయాక ఊపిరి బిగపట్టినట్టు కావచ్చు, చేతులు చల్లబడొచ్చు. అది బలహీనత కాదు. అలాంటప్పుడు బయటికి ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలమని చెప్పండి. గైడ్‌కు వరద సంగతి ముందే చెప్పండి. దాచొద్దు. "నాకు వెనక్కి పోవాలనుంది" అని ఆమె ఎప్పుడన్నా అనొచ్చనీ, ఎవరూ ఏమీ అనుకోరనీ అందరి ముందూ అనుకుని ఎక్కండి.

దూదేకొండ (పత్తికొండ)
డిసెంబర్ 4, ఉదయం 11:00

మడ అడవుల్లో మొసళ్లుంటాయంట కదా? ఎవరూ ఆ మాట ఎత్తలేదే?

విశ్రాంత_నావికుడు (ప్రొద్దుటూరు)
డిసెంబర్ 4, ఉదయం 11:45

ఉన్నాయి. ఉప్పునీటి మొసళ్లు. అడగాల్సిన ప్రశ్నే అడిగావు. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ ఆమె మొసలి నోట పడి పోయింది కూడా. మొసలి కనబడిన చోట హెచ్చరిక బోర్డు పెడతారు. బోర్డు ఉన్న చోట దిగొద్దు, గైడ్ తీసుకుపోతానన్నా ఎక్కొద్దు. ఈమధ్య ఎక్కడ కనబడింది అని గైడ్‌ను నేరుగా అడగండి. స్థానికుడైతే ఏ పాయలో, ఎప్పుడు అని చెప్తాడు. "అబ్బే, అసలు లేవు సార్" అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

వేరుశనగపొలం (అనంతపురం)
డిసెంబర్ 4, మధ్యాహ్నం 2:10

ఇన్ని చూసుకుని పోవాల్నా? లక్షద్వీప్ పోరాదా అన్నా, ఆడ పగడపు దిబ్బ చుట్టూ గోడలా ఉండి లోపల నీళ్లు చెరువు మాదిరి ఉంటాయంటారు.

విశ్రాంత_నావికుడు (ప్రొద్దుటూరు)
డిసెంబర్ 4, మధ్యాహ్నం 3:00

నిజమే, కద్మత్, బంగారం దీవుల్లో ఆ లోపలి నీళ్లు కొత్తవాళ్లకు బాగుంటాయి. కానీ అక్కడికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి, గదులు తక్కువ. పైగా ఈ పాప అడిగింది మడ అడవి.

హంద్రీగట్టు (కర్నూలు)
డిసెంబర్ 22, రాత్రి 9:15

నిన్న ఆదివారం గండికోట పోయొచ్చాం. టీచరమ్మకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

మా ఆవిడ మొదటి అరగంట గట్టున కూర్చుని చూసింది. టీచర్ ఏమీ బలవంతపెట్టలేదు. పడవను ఒడ్డున, ఇసుక మీదే పెట్టి "వదినా, ఊరికే కూర్చో" అన్నారు. కూర్చుంది. తెడ్డు చేతికిచ్చి గాల్లోనే వేయించారు, మజ్జిగ మాట చెప్పారు. ఆమె నవ్వింది. తర్వాత చీలమండ లోతుకు నెట్టారు, తర్వాత మోకాలి లోతుకు. ఎప్పుడు తేలిందో ఆమెకు తెలియలేదు, నాకు తెలిసింది. ఎర్రటి లోయ గోడలు అటూ ఇటూ. మధ్యలో ఆమె నీలం జాకెట్. వంద గజాలు పోయి తిరిగొచ్చారు.

బోల్తా పడి ఎక్కడం నేనూ పాపా నేర్చుకున్నాం. ఆమె ఆ రోజు వద్దంది. టీచర్ సరే అన్నారు.

గండికోట_టీచర్ (జమ్మలమడుగు)
డిసెంబర్ 22, రాత్రి 9:50

అన్నా, వదిన తెడ్డు పట్టు చాలా చక్కగా ఉంది. మీరే చేతులతో లాగుతున్నారు. పోయేలోపు ఇంట్లో చీపురుకట్ట పట్టుకుని రోజూ పది నిమిషాలు నడుము తిప్పండి.

హంద్రీగట్టు (కర్నూలు)
జనవరి 24, రాత్రి 8:00

వచ్చి రెండు రోజులైంది. రాయాల్సింది చాలా ఉంది, గుర్తున్నట్టు రాస్తాను.

మేం పోయింది ఒక చిన్న జట్టుతో. ఫోన్‌లోనే మీరందరూ చెప్పినవి అడిగాను. నలుగురైదుగురికి ఒక గైడ్ అన్నారు. గాలి లేస్తే రద్దు చేస్తామనీ, డబ్బులు తిరిగిస్తామనీ, లేదా ఇంకో రాత్రికి మారుస్తామనీ చెప్పారు. మనిషికి మూడున్నర వేలు. మా గైడ్ తెలుగువాడే! వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చి స్థిరపడ్డారట. మా ఆవిడను "అమ్మా" అనే పిలిచాడు. వరద సంగతి చెప్తే కాసేపు ఊరుకుని, "2004 సునామీ అప్పుడు నేను చిన్నపిల్లాణ్ణమ్మా, మేమూ కొండెక్కి కూసున్నాం" అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా మేం ఎవరం మాట్లాడాల్సిన పని లేకపోయింది.

ముందు పగటిపూట పోయాం. ఆ రోజు పోటు పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య. ఎనిమిదికే దింపాడు, నీళ్లు ఎక్కుతుండగా పాయలోకి పోయి, దిగడం మొదలయ్యేలోపు బయటికి రావాలని. లోపలికి పోయేకొద్దీ పాయ సన్నబడి, చెట్ల వేర్లు రెండు పక్కలా నీళ్లలోకి కాళ్లు పెట్టుకుని నిలబడ్డట్టున్నాయి. కొన్ని చెట్లకు మునక్కాయల్లాంటివి వేలాడుతున్నాయి. కాయలనుకున్నాను. అవి మొలకలట. విత్తనం చెట్టు మీద ఉండగానే మొలిచి, జానెడు పెరిగి అప్పుడు రాలుతుంది. ఆటు సమయంలో రాలితే బురదలో నిలువుగా గుచ్చుకుని అక్కడే చెట్టవుతుంది, పోటులో రాలితే తేలుకుంటూ ఇంకో దీవికి పోతుంది. గైడ్ ఒక ఆకు తుంచి మా ఆవిడకిచ్చి నాలుక మీద పెట్టుకోమన్నాడు. ఉప్పగా ఉంది. వేరు పీల్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుందట. దాన్ని ఆమె చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

మొసలి గురించి అడిగాను. "ఆ దక్షిణం పక్క పాయలో పోయిన నెల కనబడింది, అటు పోం" అన్నాడు. ఇంకో మాట మాట్లాడలేదు.

రాత్రి సంగతి. అమావాస్యకు ముందు రోజు బుక్ చేసుకున్నాం. సాయంత్రం ఆరున్నరకు అందరం జాకెట్లు వేసుకుని నిలబడ్డాం. గైడ్ నీళ్ల అంచుకు పోయి, అటు తిరిగి నిలబడి, మళ్లీ వచ్చి "ఇవాళ వద్దండి" అన్నాడు. నాకు గాలేమీ ఉన్నట్టే అనిపించలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు గట్టిగా అడిగారు. రేపు పొద్దున్నే వాళ్లకు ఫెర్రీ ఉందట, మళ్లీ అవకాశం రాదు. పాపం, వాళ్ల బాధ చూస్తే నాకూ కష్టమనిపించింది. అతను కోప్పడలేదు, ఒప్పుకోలేదు. డబ్బులు అక్కడే తిరిగిచ్చేశాడు. గంటకు గది బయట కొబ్బరి మట్టలు కొట్టుకోవడం మొదలైంది. తెల్లవార్లూ అదే చప్పుడు. పెద్దాయనా, ఒక రోజు అటూ ఇటూ పెట్టుకోమన్న మీ మాట వినకపోయుంటే మేం కూడా ఆ ఇద్దరి లాగే వచ్చేసేవాళ్లం.

మర్నాడు అమావాస్య. రాత్రి ఏడున్నరకు గాలి పడిపోయింది. ఫోన్లన్నీ సంచిలో పెట్టించి, ఇరవై నిమిషాలు చీకట్లో ఒడ్డున కూర్చోబెట్టాడు, కళ్లు అలవాటు పడాలని. ఇక్కడ నుంచి పాప రాస్తానంటోంది.

అంకుల్స్, ఆంటీస్, నేను హంద్రీగట్టు గారి అమ్మాయిని. ముందు ఏమీ కనబడలేదు, నాన్న నన్ను మోసం చేశారనుకున్నాను. తెడ్డు ముంచాను. ముంచిన చోట నీలంగా వెలిగింది! తీస్తే పోయింది. మళ్లీ ముంచితే మళ్లీ. తెడ్డు అంచు నుంచి చుక్కలు పడుతుంటే ఒక్కో చుక్క పడిన చోట ఒక్కో చుక్క వెలుగు. నీళ్ల కింద ఒక చేప పోయింది, చేప కనబడలేదు, అది పోయిన గీత కనబడింది. అవి కంటికి కనబడనంత చిన్న జీవులు, నీళ్లు కదిలితేనే వెలుగుతాయి. వాటి ఒంట్లో లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వెలుతురు వస్తుంది, వేడి దాదాపు ఉండదు. ఒక్కో వెలుగు సెకనులో పదో వంతు అంత. మేం ఫోటో తీయలేదు. తీసినా రాదు అన్నారు గైడ్ అన్న.

మళ్లీ నేను. మా ఆవిడ ముందు పడవలో గైడ్‌తో ఉంది. చీకట్లో మనిషి కనబడదు, ఆమె తెడ్డు వేసిన చోట వెలుగు మాత్రం కనబడుతోంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. తుంటి దగ్గర తీసేస్తోంది, దాటించడం లేదు. టీచరమ్మా, అది మీ పాఠమే. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. నా గుండె కూడా ఆగినట్టయింది. గైడ్ గొంతు వినబడింది, ఏదో మెల్లగా అన్నాడు. కాసేపటికి మళ్లీ కుడి, ఎడమ.

తిరిగొచ్చి ఒడ్డున దిగాం. మోకాలి లోతు. నేను పాపను దించి, పడవ పైకి లాగించి, వెనక్కి చూస్తే ఆమె ఇంకా నీళ్లలోనే నిలబడి ఉంది. గైడ్ పక్కనే ఉన్నాడు, పిలవలేదు. నేనూ పిలవలేదు. కాలు అటూ ఇటూ కదుపుతోంది. కదిపినప్పుడల్లా చీలమండల చుట్టూ నీలం వెలుగు లేస్తోంది, ఆపితే ఆరిపోతోంది. పదహారేళ్ల తర్వాత ఆమె నీళ్లలో నిలబడటం చూశాను.

నాపరాయి (తాడిపత్రి)
జనవరి 24, రాత్రి 8:40

అన్నా, రెండుసార్లు చదివినా. మా ఇంట్లోదానికి కూడా చదివి వినిపిచ్చినా. వదినకు నా దండాలు చెప్పు.

విశ్రాంత_నావికుడు (ప్రొద్దుటూరు)
జనవరి 25, ఉదయం 5:50

ఆ పిల్లాడు మంచి గైడ్. నీళ్ల అంచున నిలబడి ముఖానికి గాలి ఎటు తగులుతుందో చూసి చెప్పాడు. చేతిలోకి వచ్చిన డబ్బు తిరిగివ్వడం అంత సులువు కాదు. ఎవరైనా అటు పోతే అతని దగ్గరికే పొమ్మని చెప్పు.

వేరుశనగపొలం (అనంతపురం)
జనవరి 25, ఉదయం 9:20

అన్నా, మనసు నిండింది. ఒక్కటడుగుతా. జాకెట్ల క్లిప్పులు ఎట్లుండాయి?

హంద్రీగట్టు (కర్నూలు)
జనవరి 25, ఉదయం 9:35

మూడు క్లిప్పులూ పట్టాయి తమ్ముడూ. నర్సమ్మ చెప్పినట్టు భుజాల దగ్గర లాగి చూశాం. పాపది చెవుల దాకా లేచింది. అడగకముందే గైడే చిన్నది తెచ్చి మార్చాడు. అతని నంబర్ నీకు విడిగా పంపుతాను. మీ తమ్ముడికి కూడా ఇవ్వు.

గండికోట_టీచర్ (జమ్మలమడుగు)
జనవరి 25, ఉదయం 10:10

వదినకు బోల్తా పడి ఎక్కడం ఒకటి బాకీ ఉంది. వచ్చే ఆదివారం నేను గండికోటలోనే ఉంటాను, ఎండ రాకముందు రండి.

హంద్రీగట్టు (కర్నూలు)
జనవరి 25, ఉదయం 10:25

ఆమె పక్కనే ఉంది. ఏడింటికల్లా అక్కడుంటాం అంటోంది.